కారణం రాసిన మేడం

మేడం పోయారని మొన్న మంగళవారం పొద్దున తెలిసింది. బెంగళూరు సర్జాపుర రోడ్డులో ఒక అపార్టుమెంటుకు లిఫ్టు సర్వీసుకు వెళ్ళాను. నాలుగో అంతస్తు దగ్గర క్యాబిన్ పైకప్పు మీద కూర్చుని ఇనుప తాళ్ళు తుడుస్తుంటే ఫోను మోగింది. మేడం నంబరే. "చెప్పండి మేడం" అన్నాను. అవతల మగ గొంతు.

"నేను ఆమె తమ్ముడినప్పా. అక్క పోయింది. పొద్దున కాఫీ తాగి పేపరు చూస్తా కూర్చునింది, అట్లే ఒరిగిపోయింది. ఆమె ఫోన్‌లో ఉండే నంబర్లన్నిటికీ చేస్తా ఉండా."

ఎన్ని గంటలకు తీసుకుపోతారని అడిగాను. మధ్యాహ్నం రెండింటికి అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. కింది నుంచి వాచ్‌మన్ "అయిందా అన్నా?" అని కేకేశాడు. "ఇంకా కాలేదు" అన్నాను.

ఆమె నాకు బంధువు కాదు, బళ్ళో చదువు చెప్పిన టీచరూ కాదు. ఆమె ప్రొబేషన్ ఆఫీసరు. ఒక మనిషి నేరం చేశాడని తేలాక, జైలుకు పంపే ముందు జడ్జి ఒక్కోసారి ఆగి, అసలు ఈ మనిషి ఎవరు, ఎట్లాంటి ఇంట్లో పెరిగాడు, బయట వదిలితే ఎట్లా ఉంటాడు అని కనుక్కు రమ్మంటాడు. అట్లా కనుక్కుని రాసేవాళ్ళే ఈ ఆఫీసర్లు. నా గురించి ఈ మేడం కనుక్కుంది. అంటే నేను నేరం చేసినవాణ్ణి. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ తేలిక.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. తన చేతుల మీదుగా వెళ్ళిన ఎవరి పేరూ బయట ఎక్కడా పలకని మనిషి ఆమె. నేనూ ఆమె పేరు నా దగ్గరే ఉంచుకుంటాను.

మాది అనంతపురం వైపు ఒక పల్లె. నేను నడక నేర్చే వయసుకే మా నాయన, అమ్మ పనుల కోసం బెంగళూరు వచ్చేశారు. నాయన బేల్దారి, గోడలు కట్టే పని. అమ్మ ఇటుకలు మోసేది. నాకు పదేళ్ళప్పుడు, పనిచేసే చోట ఏదో మాటా మాటా పెరిగి నాయన తోటి పనివాణ్ణి పారతో కొట్టాడు. ఆ మనిషి చనిపోయాడు. నాయన జైలుకు వెళ్ళాడు. నాకు పదిహేడేళ్ళప్పుడు జైల్లోనే జబ్బుచేసి పోయాడు. ఆ ఏడేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆయన్ని చూడటానికి వెళ్ళలేదు. అమ్మ పిలిచేది. నేను ఇల్లు వదిలి ఎటో వెళ్ళిపోయేవాణ్ణి.

నాకు గుర్తున్న నాయనకు చేతిలో ఏది ఉంటే అదే ఆయుధం. గరిటె, చెప్పు, నీళ్ళ చెంబు. నాకు కోపం వచ్చి కంచం విసిరినప్పుడల్లా అమ్మ అనేది, "అచ్చం మీ నాయనవే". పెద్దమ్మ, మామ, ఊరినుంచి వచ్చేవాళ్ళు ఇంకో మాట అనేవాళ్ళు. "ఆ రక్తమే కదా." ఎన్నిసార్లు విన్నానో, నాకూ అదే నిజమని నాటుకుపోయింది. ఐటీఐ చదివి లిఫ్టు మెకానిక్కునయ్యాను. పనిలో మంచి పేరే ఉండేది. లోపల మాత్రం, ఎప్పుడో ఒకరోజు ఆ రక్తం బయటపడుతుందని అనుకుంటూనే ఉన్నాను.

తొమ్మిదేళ్ళ కిందట, మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర, పట్టపగలు, బయటపడింది. ఒక స్కూలు వ్యాను నా బండికి రాసుకుంటూ పోయింది. లోపల పిల్లలు లేరు, ఖాళీగా వెళ్తోంది. బండితో సహా పడ్డాను. దెబ్బలేం తగల్లేదు. డ్రైవరు దిగాడు. నా వయసువాడే. తప్పు నీదంటే నీదని అరుచుకున్నాం. అతను మా అమ్మను కలిపి ఒక బూతు మాట అన్నాడు. నేను హెల్మెట్‌తో కొట్టాను. మూడుసార్లు. దవడ విరిగింది. ఎడమ చెవి వినికిడి పోయింది.

కోర్టులో తప్పు ఒప్పుకున్నాను. జడ్జి రిపోర్టు అడిగాడు. మా వకీలు నన్ను పక్కకు పిలిచి, "ప్రొబేషన్ మేడం వస్తుంది. మీ నాయన సంగతి మొత్తం చెప్పు. రక్తంలో ఉందని చెప్పు. జాలి పుట్టాలి" అన్నాడు. నాకు అదేమీ అబద్ధంగా అనిపించలేదు. నేను నమ్మేదే కదా.

మొదటిసారి ఆఫీసులోకి వెళ్ళగానే ఆమె నన్ను అడిగిన మాట, "ఊట అయ్యిందా?" కన్నడంలో భోజనాన్ని ఊట అంటారు. ఆమె బెంగళూరు చిక్కపేటలో పుట్టి పెరిగిన తెలుగామె. ముత్తాత కాలంలోనే వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆమె తెలుగులో సగం కన్నడం కలిసి ఉండేది. పొట్టిగా, ఎండకు వాడిన ముఖం. గడియారం మణికట్టు లోపలి వైపుకు ఉండేట్టు కట్టుకునేది. నేను ఇంకా తినలేదంటే బల్ల సొరుగులోంచి ఒక స్టీలు డబ్బా తీసి కోడుబళెలు ముందు పెట్టింది. జంతికల్లాగే ఉంటాయి, కాస్త లావుగా. "తిని మాట్లాడు. ఖాళీ కడుపుతో చెప్పిందంతా కోపంగానే వస్తాది" అంది.

ఆమె ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాసుకునేది. రాసింది ఎదుటి మనిషికి చదివి వినిపించేది. ఆ మనిషి సరే అన్నాకే పెన్నుతో దిద్దేది. "నీ గురించి రాసింది నీకు తెలియకుండా జడ్జికి తెలిసేది న్యాయం కాదప్పా" అనేది.

నేను సిద్ధం చేసుకుని వెళ్ళింది చెప్పాను. "మేడం, అది నా చేతిలో లేదు. మా నాయన కూడా ఇంతే. అదే రక్తం నాది. కోపం వస్తే నాకు కళ్ళు కనపడవు."

అంతా రాసుకుంది. తర్వాత తల ఎత్తింది.

"సరి. ఆయప్పను కొట్టే ముందు హెల్మెట్ ఎక్కడుండాది?"

"తల మీద మేడం."

"బకిల్ పెట్టుకోనుంటివా?"

"పెట్టుకున్నాను."

"అయితే బకిల్ తీసినావు."

ఆ రోజు కూడా బండి మీదే వచ్చాను. కొత్త హెల్మెట్ కుర్చీ పక్కన నేల మీద ఉంది. ఆమె దాన్ని చూపించింది.

"పెట్టుకో. బకిల్ వేసుకో."

వేసుకున్నాను. సిగ్గుగా ఉంది. పక్క బల్ల దగ్గర గుమాస్తా చూస్తున్నాడు.

"ఇప్పుడు తీసి చేతికి తీసుకో."

ఆమె మణికట్టు తిప్పి గడియారం చూసింది. నేను గడ్డం కింద తడిమి, క్లిప్పు నొక్కి, తల మీంచి తీశాను.

"నాలుగు సెకన్లు" అంది. గొంతులో కోపం లేదు, గెలిచానన్న ధ్వనీ లేదు. "ఈ నాలుగు సెకన్లూ నీవేనప్పా. మీ నాయనకు ఇచ్చేయొద్దు. ఆయన కష్టం ఆయనకుండాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈమె నన్ను జైలుకే పంపుతుంది అనుకుంటూ బయటికి వచ్చాను. వకీలుకు ఫోను చేసి చెప్తే అతనూ అదే అన్నాడు.

వారం తర్వాత ఆమె మా గదికి వచ్చింది. బస్సు దిగి, మారతహళ్ళి సందుల్లో దారి అడుగుతూ, నడుచుకుంటూ వచ్చింది. మాది నాలుగో అంతస్తు. పైకి ఎక్కేసరికి ఊపిరి అందక గోడకు ఆనుకుని నవ్వింది. "లిఫ్టు మెకానిక్ ఇంటికి లిఫ్టు లేదా?" అంది. ఆ మాటకు మా అమ్మ కూడా నవ్వింది. కేసు మొదలైనప్పటినుంచీ అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

ఎవరి ఇంటికి వెళ్ళినా ఆమె మొదట చూసేది ఆ మనిషి పడుకునే చోటు. అది నాకు తర్వాత తెలిసింది. నా చాప తలుపు దగ్గర ఉంది. గోడ అవతల నీళ్ళ మోటారు. అప్పట్లో నాది ఎమర్జెన్సీ డ్యూటీ. ఎక్కడ లిఫ్టు ఆగినా, ఎప్పుడు ఆగినా నాకే ఫోను. ఆమె చాప మీద కూర్చుని మోటారు శబ్దం కాసేపు విన్నది. గొడవ జరిగిన రోజుకు ముందు రోజు ఎన్నింటికి లేచావు, ఎక్కడెక్కడికి వెళ్ళావు, ఎప్పుడు కునుకు తీశావు అని ఒక్కో గంటా అడిగింది. లెక్క వేసి చూస్తే ఆ సమయానికి ముప్ఫై గంటలుగా నేను నిద్రపోలేదు. తిన్నది రెండు టీలు, ఒక బన్ను. ఇది నాకే తెలియదు. ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు.

"ఇది కూడా రాస్తారా మేడం?"

"రాస్తా. నిద్ర లేని వాడికి నాలుగు సెకన్లు ఒక సెకను మాదిరి ఉంటాయి. అదీ రాస్తా. బకిల్ సంగతీ రాస్తా. నేను కారణం రాస్తానప్పా. మాఫీ రాసేది నా పని కాదు."

తర్వాత మా అమ్మ వైపు తిరిగింది. నేను కడుపులో ఉన్నప్పుడు ఏం పని చేసేదానివి, ఏం తినేదానివి, కాన్పు కష్టమైందా, పిల్లవాడికి ఫిట్సు ఏమైనా వచ్చాయా, తల మీద ఎప్పుడైనా పడ్డాడా. డాక్టర్లు కూడా అన్ని అడగరు. అమ్మ ఒక్కోదానికీ చెప్పింది. ఎనిమిదో నెల దాకా ఇటుకలు మోశానంది. పడటం, ఫిట్సు ఏమీ లేవంది.

"ఇంటాయన ఎట్లుండేవాడు?"

"కొట్టేటోడమ్మా" అంది అమ్మ.

"పెండ్లయినప్పట్నుంచీనా?"

అమ్మ చేతిలో చేట ఉంది. దాన్ని కింద పెట్టింది. "లేదమ్మా. ముందు ఆయప్ప అట్లాంటి మనిషి కాదు. నన్ను ఒక మాట అనేటోడు కాదు. వీనికి జొరమొస్తే పని మానుకొని భుజాన యేసుకొని తిరిగేటోడు. యీడు నిద్రపోయే దాకా పాడేటోడు."

నేను అమ్మ ముఖం వైపు చూశాను. నాయన పాడేవాడని నాకు ఎవరూ చెప్పలేదు.

"మరి ఎప్పట్నుంచి మారినాడు?"

అమ్మ వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకుంది. "పడినాక."

"ఎక్కడ పడినాడు?"

"పని కాడ. పరంజా కర్ర జారి రెండో అంతస్తు నుంచి పడె. తల వాచిపోయె. ఆస్పత్రిలో కుట్లేసి పంపిస్తిరి. నాలుగు దినాలకే పనికి పోయె, పోకపోతే తిండి యాడిది? ఆ తర్వాత మనిషే మారిపోయె. ఎండ చూస్తే తల పట్టుకొనేటోడు. తెలిసినోళ్ళ పేర్లు మర్చిపోయేటోడు. ఊరకే ఏడ్చేటోడు, ఏడుస్తానే కొట్టేటోడు. తాగుడు కూడా ఆ తర్వాతే."

"అప్పుడు పిల్లవాడికి ఎన్నేండ్లు?"

"ఆరు."

మేడం పెన్సిల్ ఆగింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కోర్టులో ఎవురూ అడగలేదమ్మా. తాగుబోతు, తాగి కొట్టినాడు అన్నారు. మేమూ అదే అనుకొంటిమి. నీ మాదిరి ఒకరు వచ్చి అడిగింటే…"

"అడిగినా ఏమయ్యేదో నాకూ తెలీదమ్మా" అంది మేడం. "ఆ దెబ్బ వల్లే అట్లయినాడని నేను చెప్పలేను. డాక్టరు చూసి చెప్పల్ల. ఇప్పుడు కాగితాల్లేవు, మనిషీ లేడు. నువ్వు చెప్పింది మాత్రం చెప్పినట్టు రాస్తా."

ఆమెను బస్‌స్టాపు దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. నాకు గుర్తున్నదంతా పడిన తర్వాతి నాయనే. దానికి ముందు ఒక మనిషి నన్ను భుజాన వేసుకుని పాట పాడాడు. ఆయన్ని నేను ఏడేళ్ళు జైల్లో ఒంటరిగా వదిలేశాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాకు మనసు తేలిక పడలేదు. ఇన్నేళ్ళూ ఆనుకుని నిలబడ్డ గోడ ఎవరో తీసేసినట్టుగా ఉంది.

"అయితే నాది రక్తం కాదా మేడం?" అని అడిగాను.

ఆమె బస్సు కోసం చూస్తూ చెప్పింది. "ఎవరికి తెలుసప్పా? పుట్టుకలోనే మనిషికీ మనిషికీ తేడా ఉండాది. కొందరు పుట్టుకతోనే దుడుకు, నేను చూసినాను. నువ్వు కూడా కొంచెం దుడుకే. ఆరు నుంచి పది దాకా ఇంట్లో నువ్వు చూసింది కొట్టేది. చెయ్యి ఎత్తేది అక్కడ నేర్చుకున్నావేమో. దాని మీద నిద్ర లేదు, తిండి లేదు. ఏది ఎంతని తూకం వేసేకి నా దగ్గర తక్కెడ లేదు. ముప్ఫై ఏండ్లుగా చూస్తా ఉండా, ఇంకా తెలీదు."

బస్సు వచ్చింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి, "ఆ చాప మోటారు దగ్గర్నుంచి తీసేయ్. ఈ రోజే" అంది.

రిపోర్టు పూర్తయ్యాక పిలిచి చదివి వినిపించింది. నా గురించి ఉన్నదంతా నాకు తెలిసిందే. చివరి పేజీ మాత్రం తెలియదు. ఆమె ఆ వ్యాను డ్రైవరు ఇంటికి కూడా వెళ్ళింది. అతను చెప్పింది రాసింది. ఎడమ చెవి వినపడదు కాబట్టి పిల్లల వ్యాను నడిపే పని పోయింది. కుడి చెవి దిండుకు ఆనించి పడుకుంటే ఏ చప్పుడూ ఉండదు. పక్కన భార్య ఊపిరి కూడా వినపడదు. అప్పుడు తను చచ్చిపోయానేమో అని భయం వేస్తుంది. ఇది చదివేటప్పుడు మేడం గొంతు మారలేదు. మామూలుగా, నిదానంగా చదివింది. చదివి, "సరిగ్గా రాసినానా?" అని నన్ను అడిగింది. నేను తల వంచుకుని ఊ అన్నాను. ఆ మనిషికి ఒక ఇల్లు, పక్కన భార్య ఊపిరి ఉన్నాయని అప్పటిదాకా నాకు తోచనే లేదు.

జడ్జి నన్ను రెండేళ్ళు మేడం పర్యవేక్షణలో బయట ఉండమన్నాడు. ఆమె మొదటి షరతు నేను ఎమర్జెన్సీ డ్యూటీ మార్చుకోవాలని. రెండోది, కోపం వచ్చినప్పుడు ఫోను చేయాలని. "కొట్టినాక కాదు. కొట్టక ముందు."

ఒకసారి చేశాను. ఒక అపార్టుమెంటులో లిఫ్టు పదినిమిషాలు ఆగిపోయిందని ఒకాయన అందరి ముందూ నా చొక్కా పట్టుకున్నాడు. నేను చేతులు విడిపించుకుని బేస్‌మెంటులోకి దిగిపోయి మేడంకు ఫోను చేశాను. ఏడుపొకటే తక్కువ. అంతా విని ఆమె అడిగింది, "ఊట అయ్యిందా?"

"మేడం, వాడు నా చొక్కా పట్టుకున్నాడు."

"విన్నాను. ఊట అయ్యిందా?"

లేదన్నాను. తిని మళ్ళీ ఫోను చేయమంది. తిని చేశాను. అప్పటికి చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమెకు కూడా కోపం ఎక్కువేనట. చిల్లర విషయంలో ఒక బస్సు కండక్టరును నలుగురిలో తిట్టి మూడు స్టాపులు ముందే దిగిపోయిందట. "నా మీద ఎవరూ రిపోర్టు రాయలేదు కాబట్టి బతికిపోయినా" అంది.

అన్నీ ఆమెకు కుదిరాయని కాదు. ఒకసారి వెళ్ళేసరికి ఆఫీసులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఆమె మంచి రిపోర్టు రాసిన ఒక మనిషి మళ్ళీ భార్యను కొట్టాడు. ఈసారి ఆ భార్య చెయ్యి విరిగి ఆస్పత్రిలో ఉంది. మేడం పొద్దున్నే వెళ్ళి ఆ భార్య దగ్గర కూర్చుని వచ్చింది. "నేను ఆయప్ప చిన్నతనం అంతా విన్నాను. తాగుడు సంగతి, వాళ్ళ నాయన సంగతి అంతా రాసినాను. ఆమెను పక్కకు పిలిచి నీకు భయమా అని ఒక్క మాట అడగలేదు. నా రాతలో తప్పుండాది" అంది. అప్పటినుంచి ఎవరింటికి వెళ్ళినా ఆ ఇంటి ఆడవాళ్ళతో విడిగా మాట్లాడకుండా రిపోర్టు ముగించలేదు. నాకు పెళ్ళయ్యాక మా ఇంటికి వచ్చినప్పుడు కూడా, నా ముందే నా భార్యను మేడ మీదికి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. అప్పటికి నా రెండేళ్ళు పూర్తయ్యాయి. ఆమెకు నాతో పని లేదు. అయినా అడిగింది. నాకు కోపం రాలేదు. రానందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

నిజానికి నేను పెళ్ళే వద్దనుకున్నవాణ్ణి. ఈ రక్తం నాతో ఆగిపోతే చాలనుకునేవాణ్ణి. నా భార్య నెల తప్పినప్పుడు ఆ భయం మళ్ళీ వచ్చింది. అప్పటికి మేడం రిటైరై చిక్కపేటలో తమ్ముడి ఇంట్లో ఉండేది. కింద చీరల హోల్‌సేల్ కొట్టు, పైన ఇల్లు. మెట్లెక్కి వెళ్ళి అడిగాను. "పుట్టబోయేది నాలాగా ఉంటే ఏం చేయాలి మేడం?"

ఆమె చిక్కుడుకాయలు వలుస్తోంది. కొన్ని నా ముందుకు తోసింది. ఇద్దరం వలిచాం.

"ఉంటే ఉంటుంది. నీ ముక్కు వస్తాది, దుడుకు కూడా వస్తే రావచ్చు. దుడుకు బిడ్డకు నువ్వు చెయ్యి ఎత్తకుండా చూపించల్ల. మీ నాయన ఆరేండ్లు నీకు పాడినాడే, అది కూడా నీలో ఎక్కడో ఉండాది కదా? దాన్నెందుకు లెక్కలోకి తీసుకోవు?"

ఆ మాట తర్వాత నేను ఒక పని చేశాను. నాయన ఏం పాటలు పాడేవాడని అమ్మను అడిగాను. అమ్మకు రెండు గుర్తున్నాయి. మాటలు సగం సగం. ఆమె పాడుతుంటే నేర్చుకున్నాను. మా పాపకు ఇప్పుడు మూడేళ్ళు. మా ఇంట్లో నాయన మాట ఇప్పుడు అన్నం దగ్గర కూడా వస్తుంది. ఆయన చంపిన మనిషి మాట కూడా వస్తుంది. అమ్మకు అతని పేరు, ఊరు ఇంకా గుర్తున్నాయి.

వ్యాను డ్రైవరును కలవాలని నేను మూడుసార్లు అడిగాను. మేడం ప్రతిసారీ అతణ్ణి అడిగి, వద్దన్నాడని చెప్పేది. "ఆయనకు ఇష్టం లేదు. నీ మనసు తేలిక చేసేది ఆయన పని కాదు" అనేది. నాలుగోసారి అతనే రమ్మన్నాడట. ఇద్దరం వెళ్ళాం. అతనిప్పుడు ఇంటి ముందు గదిలో టైర్ల పంక్చర్లు వేస్తాడు. నేను చెప్పాలనుకున్నది చెప్పాను. అతను కుడి చెవి నా వైపు తిప్పి విన్నాడు. విని, "నేను మాఫ్ చెయ్యలేదు. ఆమె మూడేళ్ళుగా వచ్చిపోతోంది, ఆమె ముఖం చూసి రమ్మన్నాను. కూర్చో" అన్నాడు. కూర్చున్నాం. అతని భార్య టీ ఇచ్చింది. తాగాం. మూడేళ్ళుగా మేడం అతని ఇంటికి వెళ్తోందని నాకు ఆ రోజే తెలిసింది. చెవి పరీక్షలకు తోడుగా వెళ్ళేదట. ఆఫీసు కాగితాల్లో ఎక్కడా లేని పని అది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని కునికిపాట్లు పడింది. నేను మెలకువగా ఉండి, దిగాల్సిన చోటు వచ్చాక లేపాను.

మంగళవారం పని సగంలో ఆపి, ఇంకొకర్ని పంపమని కంపెనీకి చెప్పి, బట్టలు మార్చుకుని చిక్కపేటకు వెళ్ళాను. కొట్టు షట్టరు సగం దించి ఉంది. లోపల చీరల కట్టలు ఒక వైపుకు నెట్టి, మధ్యలో ఆమెను పడుకోబెట్టారు. ముఖం మామూలుగానే ఉంది. నుదుటి మీద కళ్ళజోడు గుర్తు అట్లాగే ఉంది.

జనం చాలామందే వచ్చారు. బంధువులు ఒక పక్క నిలబడ్డారు, వాళ్ళు తెలిసిపోతున్నారు. మిగతా వాళ్ళు ఎవరో ఆమె తమ్ముడికి కూడా తెలియదు. ఇస్త్రీ చొక్కాలో ఒక ఆఫీసు మనిషి. చంకలో బిడ్డతో ఒక అమ్మాయి. ఆటో డ్రైవరు యూనిఫాంలో ఒకాయన. బురఖాలో ఒక పెద్దావిడ, ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డ కొడుకు. మూటలు మోసే బండిని సందు మొదట్లో ఆపి, తలపాగా చేతిలోకి తీసుకుని వచ్చిన కూలీ ఒకడు. తమ్ముడు ఒక్కొక్కర్నీ "మీరు?" అని అడుగుతున్నాడు. అందరూ ఒకటే మాట చెప్తున్నారు. "మేడం తెలుసు." నన్నూ అడిగాడు. నేనూ అదే చెప్పాను.

మాకు మాత్రం అర్థమవుతూనే ఉంది. ఒకరి ముఖాలు ఒకరం చూసుకుని కళ్ళు తిప్పుకున్నాం. నువ్వేం చేశావని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఆ సందులోకి శ్మశానం వ్యాను రాదు. మెట్రో స్టేషన్ దగ్గర పెద్ద రోడ్డు దాకా మోసుకుపోవాలి. తమ్ముడికి ఒంట్లో బలం లేదు, కొడుకులు లేరు. "నలుగురు రండప్పా" అన్నాడు. నలుగురు కాదు, పదిహేను మందికి పైగా ముందుకు వచ్చాం. మొదట నాకు కుడివైపు వెనక చోటు దొరికింది. నా ముందు కూలీ, పక్కన ఆఫీసు మనిషి. సందుకు రెండు వైపులా కొట్లవాళ్ళు బయటికి పెట్టిన బట్టల తానులు లోపలికి లాక్కున్నారు. తోపుడుబళ్ళు గోడలకు ఆనుకున్నాయి. ఎవరో కన్నడంలో "స్వల్ప నిధాన" అన్నారు, కొంచెం మెల్లగా అని. అడుగులు చిన్నవి చేశాం. ఇరవై అడుగులకు ఒకసారి వెనకనుంచి ఒక చెయ్యి భుజం మీద మెల్లగా తట్టేది. తట్టిన మనిషికి చోటిచ్చి పక్కకు తప్పుకోవాలి. నన్ను తట్టింది ఎవరో నేను వెనక్కి తిరిగి చూడలేదు. భుజం కిందికి వంచాను. ఆ బరువును ఇంకొకరు, కుదుపు రాకుండా, నా మీంచి తీసుకున్నారు.